ప్రాగ్ వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మేము అక్టోబరు మొదటి వారంలో ప్రాగ్‌లో ఆరు రాత్రులు ఉండి వచ్చాం. వెళ్లింది మా దంపతులం, అరవై ఎనిమిదేళ్ల మా నాన్న, అరవై మూడేళ్ల మా అమ్మ. అప్పటి నుంచి పెళ్లి పందిట్లో ఎదురుపడినా, ఫోనులో పలకరించినా బంధువులు, స్నేహితులు అడిగేవి అవే సందేహాలు. ఒకే జవాబును పాతికమందికి చెప్పేసరికి నాకే విసుగొచ్చి ఇలా రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## బయలుదేరే ముందు

యూరప్ అంటే పారిస్, రోమ్ కదా! ప్రాగ్ ఎందుకు ఎంచుకున్నారు?

నడిచి చూడగలిగిన ఊరు కాబట్టి. కోట, వంతెన, పాత పట్టణం, యూదుల పేట అన్నీ వల్టావా నదికి అటూ ఇటూ దగ్గర దగ్గరగా ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడకపోలేదు గానీ, అనేక యూరప్ నగరాల్లాగా ప్రాగ్ నేలమట్టం కాలేదు. అందుకే ఒకే వీధిలో నాలుగైదు శతాబ్దాల ఇళ్లు భుజం భుజం కలుపుకుని కనిపిస్తాయి. హోటలు, భోజనం ఖర్చు కూడా పారిస్ కంటే తక్కువే. పారిస్ ముందు చూడాలా, ఇది ముందు చూడాలా అని అడిగితే మాత్రం నేను చెప్పలేను. పారిస్ నేనింకా చూడలేదు.

చెక్ దేశానికి వేరే వీసా తీసుకోవాలా?

అవసరం లేదు, యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా సరిపోతుంది. ప్రాగ్‌తో పాటు వియన్నా, బుడాపెస్ట్ కూడా చూసేట్టయితే ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే ముందుగా అడుగుపెట్టే దేశానికి చేయాలి. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. పదిహేను రోజుల్లో తేలిపోతుందని నమ్మి కూర్చోకండి. ఎండాకాలం సెలవుల ముందు అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

మే, లేదా సెప్టెంబరు, అక్టోబరు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది గానీ వంతెన మీద జాతర. డిసెంబరులో క్రిస్మస్ అంగళ్లు అందంగా ఉంటాయి. అయితే సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, ఆ చలి మన పెద్దవాళ్లు తట్టుకునేది కాదు. మేము వెళ్లినప్పుడు కొండల మీద చెట్లన్నీ పసుపు, కుంకుమ రంగులకు తిరుగుతున్నాయి. పొద్దున స్వెట్టరు, పైన ఒక గాలి కోటు వేసుకుంటే సరిపోయింది.

ఎన్ని రోజులు చాలు?

ఊరికి నిండుగా మూడు రోజులు, పక్క ఊళ్లకు ఒకటో రెండో. ఒక్క రోజులో ప్రాగ్ చుట్టేసి రాత్రి బస్సులో వియన్నా చేర్చే ప్యాకేజీలు ఉన్నాయి. వాటిలో వెళ్లిన మా బంధువుకు వంతెన మీద గైడు పట్టుకున్న గొడుగు రంగు మాత్రం బాగా గుర్తుంది.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లవచ్చు, కొంచెం లెక్క వేసుకుని. ఇబ్బంది మెట్ల కంటే నేలతోనే ఎక్కువ. పాత వీధులన్నీ పిడికిలంత రాళ్లు పరిచిన దారులు. మెత్తటి అట్ట ఉన్న బూట్లు కొని, ఇక్కడే నెల రోజులు వేసుకుని తిరిగి అలవాటు చేయించండి. కోటకు కింది నుంచి మెట్లెక్కించకండి. 22వ నంబరు ట్రామ్ ఎక్కి 'ప్రాజ్‌స్కీ హ్రద్' అనే స్టాపులో దిగితే దాదాపు సమతలంగా నడిచి లోపలికి వెళ్లిపోవచ్చు. పాత పట్టణ కూడలిలోని టౌన్‌హాల్ గోపురానికి లిఫ్టు ఉంది.

ఇంకో మేలు: 65 దాటినవారికి, 15 ఏళ్ల లోపు పిల్లలకు ఊళ్లో మెట్రో, ట్రామ్, బస్సు ఉచితం. వయసు రుజువుకు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి. మా నాన్న ఆరు రోజులూ దర్జాగా ఉచితంగా తిరుగుతూ, టికెట్టు కొనాల్సి వచ్చిన అమ్మను ఏడిపిస్తూనే ఉన్నారు. ఆవిడ మాత్రం "టికెట్టుదేముంది, నా వయసు తక్కువని ప్రభుత్వమే ఒప్పుకుంది" అని తేల్చేసింది.

## దిగిన రోజు

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎలా వెళ్లాలి?

హైదరాబాదు నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి దుబాయ్, దోహా లాంటి చోట మారి, అలసిపోయి దిగుతారు. అయినా టాక్సీ కోసం తొందరపడక్కర్లేదు. బయటికి రాగానే 59వ నంబరు ట్రాలీబస్సు ఉంటుంది. అది నాద్రాజీ వెలెస్లావీన్ మెట్రో స్టేషను దగ్గర దింపుతుంది. అక్కడ ఆకుపచ్చ రంగు 'ఎ' లైను ఎక్కితే నగరం నడిబొడ్డుకే. 90 నిమిషాల టికెట్టు ఒక్కటి కొంటే బస్సుకూ మెట్రోకూ అదే చెల్లుతుంది.

యూరోలు తీసుకెళ్తే సరిపోతుందా?

సరిపోదు. చెక్ దేశం యూరోపియన్ యూనియన్‌లో ఉంది గానీ అక్కడి డబ్బు కొరునా. కొన్ని దుకాణాలు యూరోలు తీసుకుంటాయి, వాళ్లకు లాభమైన లెక్కన. దాదాపు ప్రతిచోటా కార్డు నడుస్తుంది కాబట్టి చేతిలో కొద్దిపాటి కొరునాలు ఉంటే చాలు. కార్డు పెట్టినప్పుడు యంత్రం "రూపాయల్లో కోయమంటారా, కొరునాల్లోనా?" అని మర్యాదగా అడుగుతుంది. ఎప్పుడూ కొరునాలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకపు రేటు వాళ్ల ఇష్టం.

నేను మొదటి రోజే దెబ్బతిన్నాను. పాత పట్టణంలో ఒక డబ్బు మార్పిడి కొట్టు ముందు పెద్ద అక్షరాలతో మంచి రేటు కనిపించింది. నూట యాభై యూరోలిచ్చి నోట్లు లెక్కపెట్టుకున్నాక తెలిసింది, ఆ రేటు వాళ్లు కొనేది కాదు, అమ్మేదని. హోటల్లో చెబితే అక్కడి అమ్మాయి గడియారం చూసి "ఇంకా రెండు గంటలుంది, పరుగెత్తండి" అంది. 2019 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది. వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రసీదు చూపించి రద్దు చేసుకోవచ్చు. వెళ్లి రసీదు బల్ల మీద పెట్టాను. గుమాస్తా ఒక్క మాట మాట్లాడకుండా నా యూరోలు నాకిచ్చేశాడు. కాబట్టి రసీదు పారేయకండి.

ట్రామ్ టికెట్టు కొన్నాక దాని మీద ముద్ర వేయించాలా?

కాగితం టికెట్టయితే తప్పకుండా. ట్రామ్‌లోనూ మెట్రో ద్వారం దగ్గరా ఉండే చిన్న పసుపు యంత్రంలో ఒక్కసారి దూరిస్తే సమయం అచ్చవుతుంది, అక్కడి నుంచే మీ 30 నిమిషాలో 90 నిమిషాలో మొదలవుతాయి. 24 గంటలు, 72 గంటల టికెట్లకు కూడా మొదటిసారి వేస్తే చాలు. ముద్ర లేని టికెట్టు, లేని టికెట్టు అక్కడ ఒకటే. తనిఖీవాళ్లు మామూలు బట్టల్లో తిరుగుతారు.

## ఊరు తిరిగేటప్పుడు

చార్ల్స్ వంతెన మీద కాలు పెట్టే చోటుండదట, నిజమేనా?

పగలు పది దాటాక నిజమే. అందుకని తెల్లవారుజామున వెళ్లండి. ప్రాగ్ గురించి నా దగ్గరున్న సలహా ఒక్కటే అయితే అది ఇదే. మా హోటలు నుంచి పదిహేను నిమిషాల నడక. ఆరున్నరకే వెళ్లాం. నది మీద మంచు, అవతల కొండ మీద కోట సగమే కనిపిస్తోంది. వంతెన మీద మేము, చెత్త ఊడ్చే ఒక మనిషి, పెళ్లి బట్టల్లో ఫోటోలు దిగుతున్న ఒక జంట. అంతే.

516 మీటర్ల ఈ రాతి వంతెనకు నాలుగో చార్ల్స్ చక్రవర్తి 1357లో శంకుస్థాపన చేశాడు. జ్యోతిష్కులు ముహూర్తం పెట్టారని అక్కడ చెప్పుకుంటారు: ఆ సంవత్సరం, తొమ్మిదో తేదీ, ఏడో నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలు. వరుసగా రాస్తే 135797531, ఎటు నుంచి చదివినా ఒకటే. మా నాన్న ఇది విని "మన పురోహితులు ఇంత శ్రమ పడరు" అన్నారు. సున్నంలో కోడిగుడ్లు కలిపారని మరో కథ. ఒక ఊరివాళ్లు దారిలో పగులుతాయని గుడ్లను ఉడకబెట్టి పంపారని చెక్‌లు నవ్వుకుంటారు. బెల్లం, కోడిగుడ్లు కలిపిన డంగు సున్నం కబుర్లు మన కోటల దగ్గరా వింటూనే ఉంటాం కాబట్టి అమ్మకు ఇది వింతగా అనిపించలేదు.

రెండు వైపులా కలిపి ముప్పై విగ్రహాలు. అమ్మ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ నడిచింది. వాటిలో చాలావరకు నకళ్లే, వర్షానికి పాడవకుండా అసలువి తీసి భద్రపరిచారు. అన్నిటికంటే పాతది 1683 నాటి జాన్ నెపోముక్ అనే క్రైస్తవ మతగురువు విగ్రహం. 1393లో రాజు ఆజ్ఞతో ఈయనను నదిలో తోసేశారు. పీఠం మీది లోహపు పలకను ముట్టుకుని కోరిక కోరుకుంటే తీరుతుందని నమ్మకం. జనం చేతులు తగిలి తగిలి ఆ భాగం బంగారంలా మెరుస్తోంది. అమ్మ చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, నంది చెవిలో చెప్పినట్టు దాని దగ్గరికి వంగి ఏదో చెప్పింది. ఏమిటో ఇంతవరకు చెప్పలేదు.

పాత పట్టణ కూడలిలో టౌన్‌హాల్ గోపురం మీది గడియారం ముందు అంత జనం ఎందుకు? నిజంగా చూడదగ్గదేనా?

బొమ్మలాట కోసమే అయితే ఆశ పెంచుకోకండి. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా గంటగంటకూ అస్థిపంజరం తాడు లాగుతుంది, కిటికీల్లో ఏసు శిష్యులైన పన్నెండుమంది అపోస్తలులు కదులుతారు, చివర కోడి కూస్తుంది. ఫోను పైకెత్తేలోపు అయిపోతుంది.

అసలు చూడాల్సింది ఆ పలకను. 1410 నాటి ఆ యంత్రం గంటలతో పాటు సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడు, చంద్రుడి కళ ఎంత, సూర్యోదయం ఎప్పుడు అన్నీ చూపిస్తుంది. అంటే గోడకెక్కిన పంచాంగం! బయటి వలయంలో పాత చెక్ లెక్క ప్రకారం సూర్యాస్తమయం నుంచి మొదలయ్యే ఇరవై నాలుగు గంటలు ఉంటాయి. మనకు రోజు సూర్యోదయంతో మొదలైతే వాళ్లకు అస్తమయంతో. మా నాన్న పక్కన నిలబడ్డ ఇద్దరు కొరియా విద్యార్థులకు తనకొచ్చిన ఇంగ్లిషులో మేషం నుంచి మీనం దాకా పాఠం చెప్పారు. గంట కొట్టినప్పుడు ఆ పిల్లలు గడియారాన్ని వదిలేసి ఆయన్ని ఫోటో తీశారు.

ఇలాంటిది మరొకటి చేయకుండా దీన్ని చేసిన పనివాడి కళ్లు పొడిచేశారని కథ చెబుతారు. తాజ్‌మహల్ కట్టినవాళ్ల చేతులు నరికారన్న కథ లాంటిదే, నమ్మకండి. నిజంగా జరిగింది ఆ గోపురం పక్కన నేల మీదే ఉంది: రాళ్లలో పొదిగిన 27 తెల్లని శిలువలు. 1621లో తిరుగుబాటు చేసిన 27 మందిని అక్కడ ఉరితీశారు, తలలు నరికారు. మనం ఐస్‌క్రీము తింటూ వాటి మీదుగానే నడిచిపోతాం.

కోట చూడడానికి ఎంత సమయం పెట్టుకోవాలి?

పూటంతా. ప్రాంగణాల్లోకి ఉచితం, లోపలి భవనాలకు టికెట్టు. అది రెండు రోజులు చెల్లుతుంది కాబట్టి ఒక్కరోజే అన్నీ మింగేయాలని చూడకండి. సెయింట్ విటస్ చర్చి నిర్మాణం 1344లో మొదలై 1929లో పూర్తయింది. ఎడమ వైపు అల్ఫోన్స్ మూహా గీసిన రంగుటద్దాల కిటికీ దగ్గర కాసేపు ఆగండి. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, మధ్యాహ్నం దాకా సందర్శకులను రానివ్వరు.

పాత రాజభవనంలో ఒక మామూలు కిటికీ ఉంది. 1618లో ఇద్దరు రాజప్రతినిధులను, ఒక గుమాస్తాను అందులోంచి బయటికి విసిరేశారు. ముగ్గురూ బతికారు గానీ ఆ గొడవ ముప్పై ఏళ్ల యుద్ధమైంది. బంగారు వీధిలోని 22వ నంబరు బుల్లి ఇంట్లో రచయిత కాఫ్కా 1916, 17 ప్రాంతంలో కూర్చుని రాసుకునేవాడు. ఆ గదిలో మా వంటింటి అలమర కూడా పట్టదు.

యూదుల పేటలో ఏముంటుంది? పిల్లలతో వెళ్లవచ్చా?

కాస్త ఊహ తెలిసిన పిల్లలైతే తీసుకెళ్లండి, ముందే నాలుగు మాటలు చెప్పి. పింకస్ ప్రార్థనా మందిరం గోడల మీద నాజీల చేతిలో చనిపోయిన దాదాపు 78,000 మంది చెక్ యూదుల పేర్లు చేత్తో రాసి ఉంటాయి. ఊరి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, చివరిసారి బతికున్న తేదీ. పై అంతస్తులో తెరెజీన్ నిర్బంధ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలు: ఇళ్లు, సీతాకోకచిలుకలు. పక్కనే పాత స్మశానం. చోటు చాలక సమాధుల మీద సమాధులు పేర్చారు, ఇప్పుడు పన్నెండు వేల దాకా రాళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. ఎంతసేపు పడుతుందని అడిగితే గంటన్నర. అమ్మ బయటికొచ్చాక భోజనం వేళ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. శనివారాలు, యూదుల పండుగ రోజుల్లో మూసి ఉంటుంది.

అందరూ చూసేవి కాకుండా మీకు నచ్చిన చోట్లు చెప్పండి.

మొదటిది విషెహ్రద్. నది ఒడ్డున పాత కోట కొండ, టికెట్టు లేదు, జనం తక్కువ. అక్కడి స్మశానంలో సంగీతకారులు ద్వోర్జాక్, స్మెతానా ఉన్నారు. 1920లో తన నాటకంతో ప్రపంచానికి 'రోబో' అన్న మాటనిచ్చిన కారెల్ చాపెక్ సమాధీ అక్కడే.

రెండోది లెత్నా తోట. ఒకప్పుడు పెద్ద స్టాలిన్ విగ్రహం ఉండేది, 1962లో పేల్చేశారు. ఇప్పుడు ఆ దిమ్మె మీద ఒక పెద్ద లోలకం అటూ ఇటూ ఊగుతుంటుంది. అక్కడి నుంచి చూస్తే వంతెనలన్నీ వరుసగా కనిపిస్తాయి.

మూడోది దెయ్‌విత్సె పేటలో ఠాకూరు పేరు పెట్టిన వీధి. రవీంద్రుడు 1921లో, 1926లో ప్రాగ్ వచ్చాడు, వీధిలో ఆయన విగ్రహం ఉంది. చూడడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా ట్రామ్ దిగి వెళ్లి నిలబడ్డాం.

వెన్సెస్లాస్ స్క్వేర్ ఎలాగూ చూస్తారు. 1989 నవంబరులో లక్షలమంది తాళంచెవులు గలగలలాడించి కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దించిన చోటు. అక్కడే నిలువెత్తు అద్దాలతో బాటా దుకాణం ఉంది. చిన్నప్పటి నుంచి బడి బూట్లు బాటావే కొన్న నాన్న "మన బాటా ఇక్కడ కూడా పెట్టారే!" అని సంతోషపడ్డారు. అది చెక్ దేశపు జ్లీన్ ఊళ్లో 1894లో పుట్టిన కంపెనీ అని చెబితే ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది.

దొంగల భయం ఉందా?

కత్తులు చూపే దొంగల్లేరు, జేబుదొంగలున్నారు. 22వ నంబరు ట్రామ్‌లో, గడియారం ముందు గుంపులో సంచి ముందుకు వేసుకోండి.

## తిండి, నీళ్లు

శాకాహారులం. అక్కడ ఏం తినాలి?

చెక్ భోజనమంటే మాంసం, పులుసు, ఉడికించిన పిండి ముద్ద ముక్కలు. అయినా పస్తులుండరు. 'స్మజెనీ సీర్' అడగండి: మందపాటి జున్ను ముక్కను రొట్టె పొడిలో పొర్లించి వేయించి, బంగాళాదుంపలతో ఇస్తారు. 'బ్రంబొరాక్' అంటే వెల్లుల్లి వేసిన బంగాళాదుంప అట్టు, మన నాలుకకు దగ్గర. గుడ్డు కలుపుతారు, తిననివాళ్లు అడిగి తెలుసుకోండి. సూపులతో జాగ్రత్త, పైకి కూరగాయలే కనిపించినా లోపల ఎముకల రసం ఉండవచ్చు. "బెజ్ మసా" అంటే మాంసం లేకుండా అని. ఈ ఒక్క మాట అమ్మ ఆరు రోజుల్లో వందసార్లు వాడింది. తూకం వేసి ధర కట్టే శాకాహార భోజనశాలలు కూడా ఉన్నాయి, పప్పూ అన్నం దొరుకుతుంది.

పచ్చళ్లు, నెయ్యి తీసుకెళ్లవచ్చా?

గోంగూర, ఆవకాయ, కందిపొడి నిశ్చింతగా పెట్టుకోండి, మూతకు టేపు చుట్టి. నెయ్యి, పాలకోవా, పెరుగు, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేకూడదు. పచ్చి కరివేపాకు కట్ట కూడా పెట్టవద్దు. మేము నెయ్యి డబ్బాను శంషాబాద్‌లో మమ్మల్ని దింపడానికి వచ్చిన తమ్ముడికే ఇచ్చి పంపాం.

వీధుల్లో నిప్పుల మీద తిప్పే ఆ గుండ్రటి తీపి రొట్టె ప్రాగ్ ప్రత్యేకతేనా?

త్రదెల్నీక్ అంటారు. 'పాతకాలపు చెక్ వంట' అని బోర్డులు పెడతారు గానీ ప్రాగ్ వీధుల్లో అది ఈ మధ్య పుట్టిన వ్యాపారం. వేడిగా, దాల్చినచెక్క వాసనతో బాగానే ఉంటుంది. ఒకటి కొని నలుగురూ పంచుకోండి.

హోటల్లో కూర్చోగానే మంచినీళ్లు పెడతారా?

పెట్టరు. అడిగితే సీసా తెస్తారు, బిల్లులో వేస్తారు. కుళాయి నీళ్లు తాగవచ్చు కాబట్టి సీసా నింపుకుని తిరగండి. మరుగుదొడ్లకు చాలాచోట్ల డబ్బులివ్వాలి, జేబులో చిల్లర ఉంచుకోండి.

## ఒక రోజు మిగిలితే

ప్రాగ్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రాగల ఊళ్లు ఏవి?

కుత్నా హోరా. రైల్లో గంట. ఒకప్పుడు వెండి గనులతో రాజ్యాన్ని పోషించిన ఊరు. గని కార్మికుల రక్షకురాలు సెయింట్ బార్బరా పేరిట గుడారాల్లాంటి కప్పుతో అద్భుతమైన చర్చి ఉంది. అందరూ పరుగెత్తేది మాత్రం సెద్లెత్స్ ఎముకల మందిరానికి. వేలమంది అస్థికలతో దీపాల గుత్తి, రాజవంశపు చిహ్నం చేసి పెట్టారు. ఫోటోలు తీయనివ్వరు, మంచిదే. అమ్మ గుమ్మం దాకా వచ్చి "ఇందులోకి వెళ్తే మళ్లీ స్నానం చేయాలి" అని బయట బెంచీ మీద కూర్చుంది. నాన్న ఆవిడకు తోడు అన్న వంకతో తానూ ఆగిపోయారు.

## తిరిగొచ్చాక అడిగేవి

ఏం కొనుక్కొచ్చారు?

నలుగురికీ పంచడానికి చెక్క బొమ్మలు, ఒక చిన్న బొహీమియా గాజు గిన్నె. ఎర్రటి గార్నెట్ రాళ్ల నగలు అక్కడి ప్రత్యేకత. కొంటే ధ్రువపత్రం ఇచ్చే దుకాణంలోనే కొనండి. వంతెన దగ్గర రష్యా బొమ్మలు అమ్ముతారు, వాటికీ ఆ ఊరికీ సంబంధం లేదు.

అన్నిటికంటే బాగా గుర్తుండిపోయింది ఏమిటి?

పుస్తకాల్లో ఉన్నదేదీ కాదు. మా నాన్నకు ఒకప్పుడు తెనాలిలో యెజ్డీ మోటారు సైకిలు ఉండేది. దాన్ని అమ్మిన రోజు ఆయన అన్నం తినలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఐదో రోజు సాయంత్రం కోట కింద ఉండే మలా స్త్రానా పేట సందుల్లో దారి తప్పాం. ఒక ఇంటి ముందు పాత ఎర్ర జావా బండి నిలబెట్టి ఉంది. మైసూరులో యెజ్డీ పుట్టింది ఆ జావా నుంచే. నాన్న దాని చుట్టూ తిరుగుతుంటే ఇంట్లోంచి ఆయన వయసే ఉన్న ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనకు ఇంగ్లిషు రాదు, ఈయనకు చెక్ రాదు.

నాన్న వంగి కిక్ రాడ్డు చూపించి, దాన్నే ముందుకు తిప్పి గేరు వేసినట్టు కాలితో అభినయించారు. ఆ బండ్లకు రెండూ ఒకటే. ఆ పెద్దాయన ముఖం వెలిగిపోయింది. లోపలికి వెళ్లి తాళం తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. మోకాళ్ల నొప్పి అని కోట మెట్లెక్కనన్న మనిషి రెండో కిక్కుకే స్టార్ట్ చేశారు. ఆ సందంతా పొగ, పాత చప్పుడు. పై అంతస్తు కిటికీలోంచి ఒకావిడ ఏదో తిట్టింది, ముసలాయన ఆవిడకు చెయ్యి ఊపాడు.

చెక్ భాషలో 'జ' లాంటి ఆ అక్షరాన్ని 'య' అని పలుకుతారట. ఇంటికొచ్చిన దగ్గర నుంచి నాన్న తన పాత బండి కబుర్లు ఎవరికి చెప్పినా "జావా కాదండీ, యావా" అని సరిదిద్దుతున్నారు.